వానకీ ఎండకీ నడుమ వంద రోజులు

కడప జిల్లా పెద్దముడియం కుందూ నది లోయలోని ఊరు. కొత్త రాతియుగం నాటి జనావాసపు ఆనవాళ్లు ఇక్కడ బయటపడ్డాయి. అలాంటి పాత ఊళ్ల మట్టిని నీళ్ల తొట్టెలో కలిపితే మన్ను అడుక్కి దిగి, వేల ఏళ్ల కిందట పొయ్యిలో మాడి బొగ్గయిన గింజలు పైకి తేలతాయి. లండన్ పురావస్తు వృక్షశాస్త్రవేత్త డోరియన్ ఫుల్లర్, ఆయన సహచరులు కుందూ లోయ మొదలు బళ్లారి గుట్టల దాకా ఇలా గింజలు ఏరి పరీక్షించారు. పప్పుల్లో ముఖ్యంగా దొరికినవి రెండే: ఉలవ, పెసర. వాటికి తోడు అండుకొర్ర వంటి చిరుధాన్యాలు. దక్కను తొలి రైతులు తిన్నది ఇదీ.

ఇవాళ డిసెంబరు నెలలో కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగు వైపు వెళ్లేవాళ్లకి ఆ లోయలోనే ఎకరాలకి ఎకరాలు శనగ కనిపిస్తుంది. ఉలవ, పెసర ఈ దేశంలో పుట్టినవి. శనగ ఎక్కడి నుంచో వచ్చింది. వచ్చిన చాలా కాలానికి గానీ ఈ నేల మీద పెద్ద పంట కాలేకపోయింది. దానికి అడ్డుపడిందీ, చివరికి దారి ఇచ్చిందీ ఇక్కడి వాతావరణమే.

శనగ పుట్టిల్లు టర్కీ ఆగ్నేయ ప్రాంతం. దాని అడవి పూర్వీకుడు సైసర్ రెటిక్యులేటమ్ ఇప్పటికీ ఆ చుట్టుపక్కల కొండ చరియల మీదే పెరుగుతోంది. ఇజ్రాయెల్ వృక్షశాస్త్రవేత్త గిడియన్ లాడిజిన్‌స్కీ 1975లో దాన్ని కొత్త జాతిగా గుర్తించి లోకానికి చెప్పాడు. సుమారు పది వేల ఏళ్ల కిందట గోధుమ, బార్లీ, బఠాణీలతో పాటు శనగనీ మనిషి సాగులోకి తెచ్చుకున్నాడు. అక్కడ వానలు పడేది చలికాలంలో. గోధుమా బార్లీ ఆ వానకి మొలిచి వసంతంలో పండుతాయి. శనగకి మాత్రం ఆ తడి చలి గిట్టలేదు. ఆస్కోకైటా అనే శిలీంధ్రం తడిసిన చేనుని కొద్ది రోజుల్లోనే మాడ్చేస్తుంది. ఆ బెడద తప్పించుకోవడానికే తొలి రైతులు శనగ విత్తనాన్ని వానలు వెలిసిన తర్వాతకి, వసంతానికి జరిపారని షహల్ అబ్బో వంటి పరిశోధకుల వాదన. అడవి మొక్క పూతకి రావాలంటే ముందు కొన్నాళ్లు గట్టి చలి తగలాలి. సాగు శనగ ఆ అవసరాన్ని పోగొట్టుకుంది. నేలలో దాగిన తేమ మీద బతుకుతూ, రోజురోజుకీ వేడెక్కే కాలంలో పండటం దానికి అలవాటైంది. వేల ఏళ్ల తర్వాత రాయలసీమ నల్లరేగడిలో దానికి అక్కరకొచ్చింది ఈ అలవాటే.

అయితే ఆ రోజు రావడానికి చాలా కాలం పట్టింది. హరప్పా నాగరికత నాటికే శనగ రాజస్థాన్‌లోని కాలీబంగన్ దాకా వచ్చేసింది. గంగా మైదానం దానికి బాగా నచ్చింది. అక్కడ అక్టోబరులో విత్తితే మార్చి, ఏప్రిల్ దాకా వాతావరణం మెత్తగా ఉంటుంది. పంటకి 140 నుంచి 160 రోజుల వ్యవధి దొరుకుతుంది. కిందికి దిగేకొద్దీ ఈ వ్యవధి తరిగిపోతుంది. మధ్యప్రదేశ్‌లో 120 రోజులు. కర్నూలు దగ్గరికి వచ్చేసరికి 90 నుంచి 110. ఉత్తరాది మొక్కని తెచ్చి ఇక్కడ నాటితే అది పూత మొదలుపెట్టి గింజ కట్టే వేళకి నేలలో తేమ అయిపోతుంది, పైన ఎండ ముదురుతుంది.

శనగ పూత విషయంలో మహా పేచీకోరు. సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తగ్గితే పూలు పూస్తాయి గానీ కాయ పట్టదు. ఉత్తరాదిలో జనవరి మంచు రోజుల్లో తరచూ జరిగేది ఇదే. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది. పూత వేళ వాన పడినా కష్టమే, ముసురు పట్టినా కష్టమే. నీళ్లు ఎక్కువైతే మొక్క కాయ సంగతి మరిచి కొమ్మలు వేసుకుంటూ పోతుంది. మరో చిక్కు పగటి పొద్దుది. శనగ పొడుగు పగళ్లని ఇష్టపడే మొక్క. దక్షిణాదిలో దాన్ని విత్తేది పొద్దు కుదించుకుపోయే కాలంలో. అందువల్ల పాత రకాలు పూతకి రావడానికే ఆలస్యం చేసేవి. ఆలస్యానికి ఇక్కడ చోటు లేదు.

అన్ని ఇబ్బందుల మధ్యా దానికి ఆసరాగా నిలిచింది నల్లరేగడి. మీటరున్నర లోతున్న రేగడి మొక్కకి అందేలా 200 మిల్లీమీటర్లకు పైగా నీటిని పట్టి ఉంచగలదు. కానీ వానాకాలంలో ఆ నేలలో అడుగు పెట్టడం కష్టం. తడిస్తే కాలికీ నాగలికీ బంకలా అంటుకుంటుంది. అందుకే సీమలో చాలామంది రైతులు ఖరీఫ్‌లో నల్లచేలని బీడుగా ఉంచి, కలుపు రాకుండా గుంటక తోలుతూ, పడిన ప్రతి వాననీ నేలలోకి దింపుకునేవారు. చిత్త, స్వాతి కార్తెల్లో, అంటే అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా, పదును చూసి గొర్రుతో విత్తేవారు. ఆ తర్వాత చుక్క వాన లేకపోయినా పంట చేతికొచ్చేది.

ఈ పద్ధతి మీద రైతుకి ఎంత నమ్మకమో చెప్పే ఉదంతం ఒకటి చరిత్రలో ఉంది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర నుంచి కర్నూలు–కడప కాలువ తవ్వింది. రైతులు నీళ్ల కోసం ఎగబడతారని కంపెనీ లెక్క వేసుకుంది. ఎగబడలేదు. కాలువ నష్టాల్లో కూరుకుపోయి 1882లో ప్రభుత్వం చేతికి వచ్చింది. దానికి కారణాలు అనేకం. నల్లరేగడిలో వర్షాధారంగా జొన్నా పత్తీ బాగానే పండుతుంటే డబ్బు కట్టి కాలువ నీళ్లెందుకన్న రైతు లెక్క అందులో ఒకటి.

ఆ చేలలో పెత్తనం జొన్నదీ పత్తిదీ. శనగ ఎక్కడో ఒక చెక్కలో, ధనియాల సాళ్ల పక్కన, ఇంటి పప్పుకీ శ్రావణమాసపు వాయనాలకీ సరిపడా పండేది. అది మంచుకి పండే పంట అని జనం నమ్మకం. చలిరాత్రుల్లో దాని ఆకుల మీద నీటి బొట్లు నిలిచి ఉంటాయి కాబట్టి అలా అనిపించడంలో వింత లేదు. ఆ బొట్లలో మంచు ఒక్కటే ఉండదు. ఆకు మీది సన్నటి నూగు మాలిక్ ఆమ్లాన్ని, కొంత ఆక్సాలిక్ ఆమ్లాన్ని స్రవిస్తుంది. తెల్లవారకముందే చేను మీద పలుచని గుడ్డ పరచి, తడిసిన గుడ్డని పిండి, ఆ పులుపుని అజీర్తికి మందుగా దాచుకునే ఆచారం దేశంలో చాలా చోట్ల ఉండేది. జార్జి వాట్ 19వ శతాబ్దం చివర కూర్చిన భారతదేశపు ఆర్థిక ఉత్పత్తుల నిఘంటువులో కూడా ఈ పులుపు ప్రస్తావన ఉంది. మొక్కకి అది కొంత రక్షణ కూడా. కాయ తొలిచే పచ్చపురుగుకి ఆ ఆమ్లం పడదు. గట్టి వాన పడితే పులుపంతా కడుక్కుపోతుంది. శనగకి అకాల వాన గిట్టకపోవడానికి ఇదీ ఒక కారణం.

శనగ ఇలా చెక్కల్లో మిగిలిపోవడానికి రోజుల కొరతకి తోడు ఎండు తెగులు కూడా కారణమైంది. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం విత్తనం ద్వారా, మట్టి ద్వారా పాకి, మొక్క నీటి దారుల్ని మూసేస్తుంది. మొక్క లేకపోయినా మట్టిలో ఆరేళ్ల దాకా బతికి ఉండగలదు. దానికి కావలసింది వెచ్చటి నేల. అంటే ఉత్తరాదిలో చలి తడి వల్ల వచ్చే ఆస్కోకైటా బాధ దక్షిణాదిలో లేదు గానీ, ఆ చలి లేకపోవడమే ఇక్కడ ఎండు తెగులుకి ఊపు ఇచ్చింది. ధార్వాడ్ జిల్లా అణ్ణిగేరి పేరు మీద వచ్చిన రకం దక్షిణాదిలో చాలా కాలం నమ్మకంగా పండింది. తెగులు పడిన చేలో అదీ నిలవలేకపోయింది.

ఇంతలో ఉత్తరాదిలో శనగ కాళ్ల కింద నేల కదిలింది. భాక్రా నీళ్లు, కొత్త పొట్టి గోధుమలు, ఎరువు, మద్దతు ధర కలిసి 1960ల నడుమ నుంచి పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ చేలని గోధుమకి అప్పగించాయి. నీళ్లు పెట్టిన కొద్దీ గోధుమ దిగుబడి ఇస్తుంది, శనగ ఆకు ఇస్తుంది. మిగిలిన శనగ చేల మీద 1980ల మొదట్లో ఆస్కోకైటా విరుచుకుపడింది. 1964–65లో ఉత్తర భారతంలో సుమారు 51 లక్షల హెక్టార్లలో ఉన్న శనగ 2008–09 నాటికి 7 లక్షల హెక్టార్లకి కుంచించుకుపోయింది. అదే కాలంలో మధ్య, దక్షిణ భారతాల్లో అది సుమారు 20 లక్షల నుంచి 55 లక్షల హెక్టార్లకి పెరిగింది. నలభై నాలుగేళ్లలో దేశపు శనగ చేను చల్లటి పొడుగు చలికాలం నుంచి వెచ్చటి పొట్టి చలికాలానికి కాపురం మార్చింది. మొక్క మారకుండా అది సాధ్యం కాదు.

ఆ మార్పులో పెద్ద భాగం హైదరాబాద్ శివార్లలో జరిగింది. 1972లో పటాన్‌చెరులో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ మొదలైంది. దాని చేలలో ఒకవైపు ఎర్రనేల, మరోవైపు నల్లరేగడి. ప్రపంచం నలుమూలల నుంచీ తెచ్చిన శనగ నమూనాలు అక్కడి జన్యు భాండాగారంలో ఇప్పుడు 20 వేల దాకా ఉన్నాయి. ఎండు తెగులుని కావాలని పెంచి పోషించిన మళ్లలో వేల వంగడాలు నాటి, చచ్చినవాటిని వదిలేసి, బతికినవాటిని ఏరుకున్నారు. అదే వేళ ఏది ముందు పూస్తుందో చూసుకున్నారు.

ఆ ఏరివేతలోంచి వచ్చిన ఐసీసీవీ 2 అనే కాబూలీ రకం 1989లో శ్వేత పేరుతో ఆంధ్రప్రదేశ్‌కి విడుదలైంది. కాబూలీ అంటే అప్పటిదాకా చల్లని ప్రాంతాల తెల్ల శనగ, నిదానంగా పండేది. శ్వేత నెల తిరక్కుండానే పూతకొచ్చి 85 రోజుల్లో కోతకొచ్చింది. పొద్దు పొడుగు కోసం ఆగని గుణం దానికి ఉంది. పూత వేళని ఇంతగా ముందుకి జరపడంలో ప్రధానంగా ఒకే ఒక జన్యువు పాత్ర ఉందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అదే ఏడాది ఐసీసీసీ 37 అనే దేశీ రకం క్రాంతి పేరుతో వచ్చింది. ఇది ఎండు తెగులుకి తట్టుకుంది.

అసలు మలుపు 1999లో జేజీ 11తో వచ్చింది. జబల్‌పూర్ జవహర్‌లాల్ నెహ్రూ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి తెచ్చిన రకం ఇది. మహారాష్ట్ర రాహురి నుంచి వచ్చిన ఫూలే జి 5ని మధ్యప్రదేశ్ నర్సింగ్‌పూర్ లావు గింజతో కలిపి, ఆ సంతానాన్ని మళ్లీ క్రాంతితో కలిపారు. గింజ లావు, తెగులుకి ఓర్పు, 95 నుంచి 100 రోజుల్లో కోత. సీమ రైతుకి స్వాతి కార్తె విత్తనం నుంచి సంక్రాంతి దాటి మాఘమాసం దాకా ఉన్న వ్యవధికి ఈ లెక్క సరిగ్గా అమరింది.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల రేగడిలో జేజీ 11 పాకిన వేగం వ్యవసాయ చరిత్రలో అరుదు. ప్రకాశం జిల్లాలో దానికి ఇంకో చేయూత దొరికింది. అక్కడి నల్లచేలలో దశాబ్దాలుగా పొగాకు రాజ్యం చేస్తుండేది. ధరలు పడి, నిల్వలు పేరుకుపోయి, 2000–01లో ఆంధ్రప్రదేశ్ పొగాకుకి పంట విరామం ప్రకటించారు. ఖాళీ అయిన చేలు శనగ కోసం తలుపు తీశాయి. పొగాకుకి నారు, నాటు, ఆకు కోత, బ్యారన్‌లో కాల్పు, ఇలా నెలల తరబడి మనుషులు కావాలి. శనగకి ఒక విత్తు, ఒకటి రెండు మందులు, ఒక కోత. పర్చూరు, ఇంకొల్లు ప్రాంతాల్లో దేశీ శనగ పక్కనే కాబూలీ కూడా పెద్ద ఎత్తున వచ్చింది.

2000 నుంచి 2009 దాకా రాష్ట్రంలో శనగ విస్తీర్ణం 1.6 లక్షల హెక్టార్ల నుంచి 6.2 లక్షలు దాటింది. హెక్టారు దిగుబడి 583 కిలోల నుంచి 1,407 కిలోలకి చేరింది. మొత్తం పంట 95 వేల టన్నుల నుంచి 8.84 లక్షల టన్నులయింది. దేశం సగటు హెక్టారుకి టన్ను దాటడానికి ఆపసోపాలు పడుతున్న రోజుల్లో, శనగకి పనికిరాదనుకున్న వెచ్చటి దక్షిణాది అందరికంటే ముందుకి వెళ్లింది. ఇందులో చిత్రమేమీ లేదు. ఇక్కడ మంచు పొరలు లేవు, జనవరి ముసుర్లు లేవు, ఆస్కోకైటా లేదు. వ్యవధి పొట్టిదే గానీ ఆ వ్యవధిలో వాతావరణం నిర్మలంగా ఉంటుంది. మొక్క పొట్టి కాలానికి తగ్గట్టు మారాక అన్నీ కలిసొచ్చాయి.

పంట పెరిగితే దాని వెంట కష్టాలూ పెరుగుతాయి. నల్లచేల కౌళ్లు పెరిగాయి. ధర మంచిగా ఉన్నన్నాళ్లు శీతల గిడ్డంగుల్లో బస్తాలు దాచి, వాటి మీద బ్యాంకు రుణాలు తెచ్చుకోవడం ప్రకాశం, కర్నూలు రైతులకి అలవాటైంది. 2013, 2014 ప్రాంతాల్లో ధర దిగజారినప్పుడు ఆ బస్తాలే గుదిబండలయ్యాయి. కూలీల కొరత మరో వైపు. జేజీ 11 మొక్క నేలకి దగ్గరగా, గుబురుగా పెరుగుతుంది. కోత యంత్రం పళ్లకి కింది కాయలు అందవు. శతాబ్దం దాటిన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం నిలువుగా, ఎత్తుగా పెరిగే ఎన్‌బీఈజీ 47ని ధీర పేరుతో తెచ్చింది. ఫిబ్రవరి ఎండలో వంగి చేత్తో పీకే పనికి బదులు ఆ రకంతో ఒక యంత్రం చాలు.

పటాన్‌చెరు గింజ సముద్రం కూడా దాటింది. శ్వేతగా మనకి తెలిసిన ఐసీసీవీ 2 మయన్మార్‌లో యెజిన్ 3 పేరుతో సాగులోకి వచ్చింది. అక్కడి మధ్య ప్రాంతపు పొడి నేలలకీ కర్నూలుకీ శీతాకాలం విషయంలో పోలికలున్నాయి. వేడికి ఓర్చుకునే ఐసీసీవీ 92944 అక్కడ యెజిన్ 6 అయింది, భారతదేశంలో జేజీ 14గా విడుదలైంది. వరి కోసిన తర్వాత ఆలస్యంగా విత్తే చేల కోసం ఉద్దేశించిన రకం అది.

రకాలు మారి పాతికేళ్లయింది. ఈ పాతికేళ్లలో వాటికి కొలత ఇచ్చిన వ్యవధి కదలకుండా నిలబడి లేదు. దాని మొదటి అంచు ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు, నవంబరు వానలు తెరిపి ఇచ్చినప్పుడే శనగ విత్తాలి. 2020 నవంబరు చివర నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి కడప, నెల్లూరు, ప్రకాశం జిల్లాలని ముంచెత్తింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వానకి మొలక దశలో ఉన్న శనగ రేగడి నీళ్లలో ఊపిరాడక కుళ్లిపోతుంది. రైతు మళ్లీ విత్తుకోవాలి. ఎకరాకి 25 నుంచి 30 కిలోల విత్తనం పట్టే పంట ఇది. రెండోసారి విత్తడమంటే పెట్టుబడిలో బరువైన భాగం రెండుసార్లు పెట్టడమే. పైగా డిసెంబరులో విత్తిన చేను గింజ కట్టేది ఫిబ్రవరిలో.

రెండో అంచు ఆ ఫిబ్రవరిది. దేశవ్యాప్త సగటు పగటి ఉష్ణోగ్రతల్లో 1901 తర్వాత అత్యంత వేడి ఫిబ్రవరిగా 2023 ఫిబ్రవరి నమోదైంది. అలాంటి నెలలో ఆలస్యంగా విత్తిన చేలో చివరి పూతలు కాయ కాకముందే రాలతాయి. పట్టిన కాయలో గింజ ముడుచుకుంటుంది. ఈ వేడితో పాటు మట్టిలో ఇంకో శత్రువు పైకొచ్చింది. జేజీ 11 వంటి రకాలు ఎండు తెగులుని అదుపు చేసిన చేలలోనే వేరు ఎండుకుళ్లు మధ్య, దక్షిణ భారతాల్లో ఎక్కువవుతోంది. నేలలో తేమ తగ్గి, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటినప్పుడు ఆ శిలీంధ్రం వేళ్లని పెళుసుగా మార్చేస్తుంది. మొక్క పీకితే తల్లివేరు సగం మట్టిలోనే విరిగి మిగిలిపోతుంది. ఎండు తెగులుకి దొరికినంత గట్టి నిరోధం దీనికి ఇంకా దొరకలేదు.

2013లో శనగ జన్యుపటం వెలువడింది. 2021లో 3,366 శనగ నమూనాల జన్యుక్రమాలని పోల్చిన అధ్యయనం వచ్చింది. పరిశోధకులు వాటిలో వెతుకుతున్న గుణాల్లో వేడికి ఓర్పు, లోతైన వేరు, తొందర పూత ముందు వరసలో ఉన్నాయి. తొందర పూతకి మాత్రం ఒక ధర ఉంది. మొక్క చేలో ఎన్ని రోజులుంటే అంత ఆకు, అంత కొమ్మ, అంత కాయ. శ్వేత 85 రోజుల్లో చేతికొచ్చినా సీమ రైతులు దాన్ని దాటి జేజీ 11 వైపే మొగ్గారు. దేశీ గింజకి ఉన్న గిరాకీ ఒక కారణం, అదనపు పది పదిహేను రోజుల్లో వచ్చే దిగుబడి మరో కారణం. 2000లలో ఆ పది పదిహేను రోజులు రైతు చేతిలో ఉన్నాయి. స్వాతి కార్తెలో విత్తగలిగిన ఏడాది ఇప్పటికీ ఉంటాయి. తుపాను దాటాక మళ్లీ విత్తాల్సి వచ్చిన ఏడాది మాత్రం గడువు తక్కువ రకం వేసి నాలుగు బస్తాలు తగ్గించుకోవాలా, జేజీ 11తోనే ఫిబ్రవరి ఎండకి ఎదురెళ్లాలా, లేక ఆ చేలో జొన్న చల్లేయాలా అన్నది నల్లచేల రైతు డిసెంబరు మొదటి వారంలోనే తేల్చుకోవాల్సి వస్తోంది.